హనుమంతప్ప కొన్న చదరంగం

ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్న మనిషికి నెలకు ఒకటే సెలవు, అమావాస్య. ఆ రోజు పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ముట్టుకోరు. కొందరు తలంటుకుని గుడికి పోతారు, కొందరు నిద్రపోతారు, కొందరు సీసా తెచ్చుకుంటారు. హనుమంతప్ప మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళ పాటు ప్రతి అమావాస్యకూ పొద్దున పాసింజరు ఎక్కి పెనుకొండలో దిగేవాడు. అక్కడ దర్గాకు పోయే దారిలో మహమ్మద్ అలీకి తాళాలు బాగుచేసే అంగడి ఉండేది. అంగడి ముందర రెండు స్టూళ్ళు, మధ్యలో తిరగేసిన డబ్బా, దాని మీద గుడ్డ మీద కుట్టిన చదరంగం పట. పొద్దు వాలేదాకా ఇద్దరూ అక్కడే. భార్య పుల్లమ్మ అడిగితే "పెనుకొండలో పనుండాది" అనేవాడు. ఆ పని ఏమిటో పుల్లమ్మకు పెళ్ళయిన మొదటి నెలలోనే తెలుసు.

వాళ్ళ పరిచయం కూడా పనిమీదే మొదలైంది. హనుమంతప్పకు అప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు. పెనుకొండలో ఒక పెళ్ళివారికి చీరలు అందించి రమ్మని నాయన పంపాడు. పెట్టె తెచ్చాడు గానీ తాళంచెవి ధర్మవరంలోనే మరిచిపోయాడు. పెట్టె మోసుకుని అలీ అంగడికి వస్తే, తనకంటే ఆరేడేళ్ళు పెద్దవాడైన అలీ ఒకసారి తాళం చూశాడు, ఒకసారి పిల్లవాణ్ణి చూశాడు.

"ఇది తెరిచేదానికి గడియ పట్టదు. తెరిస్తే నువ్వు పోతావు. ఒక ఆట ఆడి తెరుస్తా, కూచో" అన్నాడు.

"ఆడ పెండ్లికూతురు చీరకు కాచుకోని ఉండాదన్నా!"

"చీర కట్టకుండా పెండ్లి జరగదు కదా. నిమ్మళంగా ఆడు."

హనుమంతప్పకు ఆట రాదు. ఆ పూట పావులు జరపడం నేర్చుకున్నాడు, ఓడిపోయాడు, పెళ్ళివారి చేత తిట్లు తిన్నాడు. తర్వాతి అమావాస్యకు ఏ పనీ లేకుండానే మళ్ళీ వచ్చాడు.

వాళ్ళు ఆడేది ఇప్పుడు బళ్ళలో నేర్పే ఆట కాదు. పాత ఆట, అలీ తాతల నాటి నుంచి వచ్చింది. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుగుతుంది. రాజుకు ఎదురుగా రాజు ఉండడు, మంత్రి ఉంటాడు. అన్నిటికంటే ముఖ్యమైన తేడా రాజుది. ఆట మొత్తంలో ఒక్కసారి రాజు గుర్రంలా దూకవచ్చు. అయితే అప్పటిదాకా రాజుకు ఎదుటివాడి షా, అంటే రాజును కొట్టబోతున్నానన్న హెచ్చరిక, ఒక్కసారి కూడా తగిలి ఉండకూడదు. తగిలిందా, ఆ దూకే హక్కు పోయినట్టే. అలీ, హనుమంతప్ప, ఇంకో నలుగురైదుగురు ముసలివాళ్ళు తప్ప ఆ చుట్టుపక్కల ఈ ఆట ఆడేవాళ్ళు మిగల్లేదు. ఆ ముసలివాళ్ళూ ఒక్కొక్కరే పోయారు. చివరికి ఇద్దరే మిగిలారు. ఇద్దరు ఉంటే ఆటకు చాలు కాబట్టి ఎవరికీ దిగులు వేయలేదు.

ముందటేడు ఆషాఢంలో వచ్చిన అమావాస్య నాడు, బయట వాన పడుతుండగా, తగువు వచ్చింది.

హనుమంతప్ప రాజు మూలకు చిక్కాడు. అలీ ఏనుగు ఒకవైపు, ఏటవాలుగా నడిచే ఒంటె ఒకవైపు. హనుమంతప్ప చాలాసేపు ఆలోచించి, రాజును వేళ్ళతో ఎత్తి గుర్రం దూకినట్టు దూకించబోయాడు. అలీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికప్పా దూకేది? నీ రాజుకు షా తగిలి శానాసేపైనాది."

"ఎప్పుడు తగిలినాది?"

"ఒంటెతో చెప్పినా కదా. నువ్వే ఈ బంటు తెచ్చి అడ్డం పెట్టినావు."

"ఈ బంటును నేను ముందే జరుపుకున్నానన్నా. నీ ఒంటె ఆ తర్వాత వచ్చి కూచున్నాది. బంటు అడ్డముంటే షా యాడ తగులుతాది?"

"ఏమప్పా, కండ్లు తెరుచుకోని ఆడితివా, మూసుకోని ఆడితివా?"

అంతవరకూ నవ్వుతూనే మాట్లాడారు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇటువంటి తగువులు వంద వచ్చి ఉంటాయి. పక్కన టీ అంగడి మారప్పను సాక్ష్యం అడిగారు. "నేను టీ పోస్తాంటి సామీ, మీ బంట్లను కాసేదే నా పనా?" అన్నాడు మారప్ప. అక్కడున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు హనుమంతప్పకు గుచ్చుకుంది. ఎందుకు అంత మాట వచ్చిందో తర్వాత ఎంత వెతుక్కున్నా ఆయనకు అర్థం కాలేదు.

"ఐదు పూట్లా నమాజు చేసే నోటితో అబద్ధమెందుకు ఆడతావన్నా?" అన్నాడు.

అలీ పావులు ఎత్తలేదు. లేచి అంగడి షట్టరు దించి, తాళం వేసి, వానలోనే నడుచుకుంటూ పోయాడు.

హనుమంతప్ప ఎప్పుడూ సంచిలో గ్రాఫు కాగితాలు పెట్టుకుంటాడు. చీర అంచుకు డిజైను తోస్తే గళ్ళలో గీసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు తిరుగు బండిలో ఆట ఆగిన చోటును గళ్ళ మీద గీశాడు, ఏ పావు ఎక్కడుందో ఒక్క గడి తేడా లేకుండా. వచ్చే అమావాస్యకు దాన్ని ముఖం మీద పెట్టి చూపించాలనుకున్నాడు. వచ్చే అమావాస్య వచ్చింది. అలీయే పిలుస్తాడులే అని పోలేదు. ఆ పైదానికీ పోలేదు. ఎనిమిది నెలలు గడిచాక అలీ కూతురు దిల్షాద్ ఫోను చేసింది. నాయన పోయి నాలుగు రోజులైందని, నీ నంబరు ఇప్పుడే దొరికిందని చెప్పింది.

అప్పుడు తీశాడు ఆ గ్రాఫు కాగితం.

ఆయన ఆలోచన ఇది. తగువంతా రాజుకు దూకే హక్కు ఉందా లేదా అన్నదాని మీదే కదా. ఒకవేళ దూకినా కూడా అలీయే గెలిచేవాడైతే? లేదా దూకకపోయినా తన రాజు ఇంకో దారిలో బయటపడేవాడైతే? రెండింట్లో ఏదైనా నిజమైతే, ఆ షా తగిలినా తగలకపోయినా ఒకటే. తగువుకు అర్థమే లేదు. అర్థం లేని తగువులో జారిన మాటకు కూడా బరువుండదు. అలీకి చెప్పుకోవడానికి వీలు లేదు, కనీసం తనకు తాను చెప్పుకోవచ్చు. మగ్గం పక్కన పట పరుచుకుని నెలల తరబడి ఆ ఆటను ముందుకు నడిపి చూశాడు. నాలుగు ఎత్తులు దాటేసరికి దారులు చిక్కు పడిన పట్టు పోగుల్లా అయ్యేవి. ఏ కొసకు ఏ కొస అందుతుందో తెలిసేది కాదు.

"సవతిని తెచ్చుకున్నా దాని మొగం ఇంతసేపు చూడవేమో" అంది పుల్లమ్మ కండెలు చుట్టుకుంటూ.

చదరంగం ఆడే కంప్యూటర్లు ఉన్నాయనీ, అవి మనిషి కంటే బాగా ఆడతాయనీ ఎవరో చెబితే, జిరాక్సు అంగడి దినేష్ దగ్గరికి పోయాడు. దినేష్ ఫోనులో ఒక ఊరికే దొరికే ఆప్ దించి, గ్రాఫు చూసి పావులు పేర్చి ఇచ్చాడు. హనుమంతప్ప రాజు మీద వేలు పెట్టి గుర్రంలా దూకించాడు. రాజు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ దూకించాడు. మళ్ళీ వెనక్కి.

"ఇదేందిరా, చెప్పిన మాట వినదు?"

"ఆ ఎత్తు తప్పంట పెదనాయనా. రాజు ఒక్క గడే పోవల్లంట."

"దానికి తెలీదు. ఊరికే ఇచ్చేదాంట్లో ఏముంటాదిలే. దుడ్డిచ్చి కొనేది ఉంటాదే, అది చూపీ."

దినేష్ మంచివాడు. అంగట్లో వచ్చిన బేరాన్ని తానే చెడగొట్టుకునే రకం. "కొనేదాంట్లో బొమ్మలు బాగుంటాయి, పాఠాలుంటాయి, పెద్దపెద్దోళ్ళ ఆటలు లక్షలకు లక్షలుంటాయి. నేర్చుకునే పిల్లోళ్ళకు పనికొస్తాది. నీ ఒక్క ప్రశ్నకు అంత దుడ్డు ఎందుకు? ఎత్తులు లెక్కబెట్టే బుర్రలు ఊరికే దొరికేవాటిల్లోనే గట్టివి ఉండాయంటారు" అన్నాడు.

హనుమంతప్ప నవ్వాడు. నలభై ఏళ్ళుగా చీర చేతికిచ్చి గిరాకీలకు ఆయన చెబుతున్న మాట ఒకటే. రెండు చీరలూ పక్కపక్కన పెడితే కంటికి ఒకటే మాదిరి ఉంటాయి, జరీలో ఉంటుంది తేడా. చవకది ఏడాదిలో నల్లబడుతుంది, గట్టి జరీ మనవరాలి పెళ్ళికి కూడా మెరుస్తుంది. వెల ఊరికే పెరగదు, వెల పెరిగిన చోట వస్తువేదో లోపల ఉండే తీరుతుంది. ఈ నమ్మకంతో ఆయన బతికాడు, ఈ నమ్మకంతోనే అమ్మాడు. ఊరికే వచ్చిన చదరంగానికి పాత ఆట తెలియకపోవడం ఆయనకు వింతగా తోచలేదు. గట్టి దానికి తెలిసే ఉంటుంది.

రెండు చీరల కూలి దినేష్ చేతిలో పెట్టాడు. దినేష్ తన పాత లాప్‌టాప్‌లో ఎక్కించి, వాడుకోమని ఇంటికే ఇచ్చాడు.

కొన్న చదరంగం నిజంగానే అందంగా ఉంది. టేకు చెక్కలాంటి పట. పావుల నీడలు కూడా పటమీద పడతాయి. ఎత్తు వేస్తే చెక్క మీద చెక్క పెట్టిన చప్పుడు వస్తుంది. పుల్లమ్మ కూడా కండెలు పక్కన పెట్టి వచ్చి చూసింది. హనుమంతప్ప పావులు పేర్చి, రాజును దూకించాడు.

రాజు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కొన్నది కాబట్టి మెత్తగా, నిదానంగా వచ్చి కూర్చున్నాడు.

మూడు వారాలు వెతికాడు. ఇంత పెద్ద వస్తువులో ఎక్కడో ఒక మూల పాత ఆట ఉండకపోదని, అక్షరం అక్షరం కూడబలుక్కుని ప్రతి పేజీ తెరిచాడు. చివరికి దినేష్ చేత కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాయించాడు. వారానికి జవాబు వచ్చింది.

"ఏమంటాండారు?"

"ఆ ఆట దీంట్లో లేదంట. నీ సూచనకు శానా సంతోషమంట."

"నేను సూచన యాడిచ్చినారా? అడిగినా కదా!"

"అడిగినదాన్నే వాళ్ళు సూచన అంటారు పెదనాయనా."

ఆ మాటలు జరిగిన కొన్నాళ్ళకు తమ్ముడి కూతురు మమత చీరలకని హిందూపురం నుంచి వచ్చింది. ఆమె అక్కడ ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. లాప్‌టాప్ ముందు కూర్చున్న పెదనాయనను చూసి మొదట నవ్వింది. సంగతంతా విన్నాక నవ్వడం మానేసింది.

"కొన్నది కుట్టిచ్చిన రవికె పెదనాయనా. కుట్టు బాగుంటాది గానీ కొలత నీది కాదు. విప్పి కుట్టేదానికి వాళ్ళు ఒప్పుకోరు. ఊరికే దొరికేవాటిల్లో కొన్ని తాను గుడ్డ మాదిరివి. కత్తెర కూడా మన చేతికే ఇస్తారు. నీ ఆట కట్టుబాట్లు ఒక్కొక్కటీ చెప్పు, నేను రాసిస్తా. అప్పుడు నీ రాజు దూకుతాడు."

"ఊరికేనా?"

"ఊరికే."

గట్టి జరీ కథ ఆయన నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ నెలంతా మమత ఫోను చేసి అడుగుతూనే ఉంది. బంటు చివరి గడికి పోతే ఏమవుతుంది? రాజు దూకేటప్పుడు ఎదుటి పావును కొట్టవచ్చా? దేనికీ పుస్తకం లేదు. హనుమంతప్ప కళ్ళు మూసుకుని, అలీ ఏదో ఒక అమావాస్య నాడు ఏమన్నాడో గుర్తు తెచ్చుకుని చెప్పేవాడు. "కొట్టకూడదు, ఉత్తగా దూకల్ల" అన్నప్పుడు ఆయన గొంతులో అలీ గొంతు వినిపించేది. ఆ ఒక్క నెల పుల్లమ్మకు మొగుడి ముఖం కాస్త తేటగా కనిపించింది.

తర్వాతి అమావాస్యకు ఆయన హిందూపురం పోయాడు.

మమత అత్త కుళ్ళాయమ్మ రాగిముద్ద పెట్టి, పక్కనే కూర్చుని ముచ్చటంతా అడిగి తెలుసుకుంది. "దుడ్లు పోసి కొన్నదాంట్లో లేదంట, ఊరికే వచ్చినదాంట్లో ఉండాదంట. ఇదేం కాలమప్పా! మా ఇంటాయనకు చెప్పొద్దు, రేపట్నుంచి కూరగాయలు కూడా ఊరికే తెమ్మంటాడు" అంది. హనుమంతప్ప నవ్వాడు. చెయ్యి కడుక్కుని, సంచిలోంచి గ్రాఫు కాగితం తీసి మమత ముందు పెట్టాడు. మడతల దగ్గర అది చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది.

ఊరికే వచ్చిన చదరంగానికి ఏ సోకూ లేదు. గళ్ళు గళ్ళుగా ఉంది, పావులు ముద్రల్లా ఉన్నాయి, చప్పుడు లేదు. మమత ఒక్కొక్క పావునే చూసి పేర్చింది. "దూకించు పెదనాయనా" అంది.

రాజు దూకాడు. దూకి, అక్కడే నిలబడ్డాడు.

హనుమంతప్ప కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇప్పుడు లెక్క పెట్టమంటా, చూడు" అంటూ మమత మీట నొక్కింది. క్షణం పట్టలేదు. "దూకితే నీ రాజు బయటపడతాడు. ఆ పైన అలీ పెదనాయన పావులు చెల్లాచెదరై, ఇరవై ఎత్తులు పోయేసరికి ఆట నీదే" అంది.

హనుమంతప్ప తెర దగ్గరికి జరిగాడు. "దూకకపోతే? ఇంకో దారి ఉండాదా, చూడమ్మా."

"దూకే హక్కు తీసేసి చూపిస్తా." ఏదో ఒక అక్షరం చెరిపింది. మీట నొక్కింది. మళ్ళీ క్షణమే. "లేదు పెదనాయనా. ఇంకే దారీ లేదు. ఏడు ఎత్తుల్లో ఆటకట్టు. గెలుపు ఆయనదే."

"ఇంకొంచెంసేపు చూడమను. తొందరపడి చెప్తాండాదేమో."

మమత అరగంట పాటు దాన్ని లెక్కపెట్టనిచ్చింది. కుళ్ళాయమ్మ కాఫీ తెచ్చి పెట్టింది, అది చల్లారింది. అరగంటకూ జవాబు మారలేదు. దూకితే హనుమంతప్ప. దూకకపోతే అలీ. ఆట మొత్తం ఆ ఒక్క షా మీదే ఆగి ఉంది. తగువుకు అర్థం లేదని తేలుతుందనుకున్నాడు ఆయన. ఆ తగువు తప్ప ఆ ఆటలో ఇంకేమీ లేదని తేలింది.

"ఇప్పుడు దీన్ని దాచిపెడతా" అంది మమత, ఆయన ముఖం చూడకుండా తెర వైపే చూస్తూ. "నీ రాజుకు అంతకు ముందు షా తగిలినాదా, లేదా? అదొక్కటీ చెప్పు, రాయల్ల."

"దాన్నే అడుగు."

"దానికెట్ల తెలుస్తాది? పావులు ఇప్పుడు యాడుండాయో అంతే దానికి తెలుసు. ఆ బంటు ముందు వచ్చినాదో ఒంటె ముందు వచ్చినాదో ఈ కాగితంలో లేదు కదా."

నిజమే. కాగితంలో లేదు. గీసినప్పుడు ఆయన అవసరం అనుకోలేదు, తనకు గుర్తుండగా రాయడం ఎందుకు? అలీ ఒంటెను ఎత్తిన చెయ్యి, తను బంటును తోసిన వేలు, రెండూ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. కాకపోతే ఈ రెండేళ్ళలో ఆయన వాటిని ఎన్నో వేలసార్లు నడిపి చూశాడు. ఒకసారి బంటు ముందు, ఒకసారి ఒంటె ముందు. ఇప్పుడు రెండూ ఒకే అంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండింట్లోనూ వాన పడుతోంది, రెండింట్లోనూ మారప్ప టీ పోస్తున్నాడు.

"ఖాళీగా వదిలేస్తే?"

"ఒప్పుకోదు పెదనాయనా. అవునో కాదో ఏదో ఒకటి కావల్ల."

ఆయన చల్లారిన కాఫీ వైపు చూశాడు.

"తగిలిందని రాయి."

మమత వేలు మీట మీద ఆగింది. "నిజంగా తగిలినాదా?"

"తెలీదమ్మా" అన్నాడు హనుమంతప్ప.

ఆ మాట ఆయన అంతవరకూ ఎవరితోనూ అనలేదు. పుల్లమ్మతో కూడా తనకు బాగా తెలుసనే చెప్పాడు. అలీ అబద్ధమాడాడని నలుగురి ముందు అన్న రోజున కూడా తెలుసనే అనుకున్నాడు. తెలియని సంగతి మీద అన్నానని ఇప్పుడు చెప్పుకోవడానికి, వినవలసిన మనిషి లేడు.

మమత రాసింది. "చివరిదాకా ఆడి చూపించమను" అన్నాడాయన. తెర మీద పావులు చప్పుడు లేకుండా కదిలాయి. ఏనుగు దిగింది, ఒంటె పక్కకు జరిగింది, రాజు మూలలో ఒక గడి అటు, ఒక గడి ఇటు తిరిగాడు. ఏడో ఎత్తుకు రాజు గడి ఎర్రబడింది. ఆయన అన్నీ చివరిదాకా చూశాడు.

"కావాలంటే ఇంగ నువ్వు దీంతోనే ఆడుకోవచ్చు పెదనాయనా. నీ ఆటే ఆడతాది. ఇంటికే వచ్చి ఎక్కించిస్తా" అంది మమత, ఏదో ఒకటి అనాలన్నట్టు.

"ఇది షా చెప్తాదా?"

"చెప్పదు. గడి ఎర్రగా చూపిస్తాది. ప్రతి ఎత్తూ రాసి పెట్టుకుంటాది కూడా, మాట తేడా రాదు."

హనుమంతప్ప తల ఊపాడు. ఎక్కించమనీ అనలేదు, వద్దనీ అనలేదు. బండికి వేళైందని లేచి చెప్పులు వేసుకున్నాడు. గ్రాఫు కాగితం బల్ల మీదే ఉంది. మమత గుర్తుచేస్తే, "ఉండనీలేమ్మా, దాంట్లో ఏముండాది" అని స్టేషను వైపు నడిచాడు. మర్నాడు పొద్దున్నే మగ్గం ఎక్కాలి.